ముప్పై ఏడో ఫోన్

ఉదయం ఏడూ పది. గ్లాసులో టీ ఇంకా సగం ఉండగానే రుమానా ఫోన్ మోగింది.

"ఏమ్మాయ్, నీ సైటు బంగారం!" అవతల మోస్రా ఊరి నుంచి రాధాకుమారి గొంతు. "మొదటి రోజే మా పేరొచ్చింది. కోత ముఠా కూడా దిగింది. తొమ్మిదీ పన్నెండుకి ముహూర్తం. కొబ్బరికాయ కొట్టి మొదలెట్టేస్తాం. నీకో మాట చెబుదామని చేశా."

రుమానా నవ్వబోయి ఆగిపోయింది.

ఆ రోజు కోత జాబితా ఆమెకి కంఠతా వచ్చు. పద్నాలుగు పేర్లు. పద్నాలుగూ రెంజల్ మండలంవే. మోస్రా పేరు అందులో ఒక్కటి కూడా లేదు.

"రాధమ్మా, పైన తేదీ ఏమున్నది?"

"ఈరోజుదే. మొదటి రోజు, మోస్రా అని ఉంది. నాది మూడో పేరు."

"ఇంకెవరి పేర్లున్నయి?"

"ఊరందరివీ ఉన్నాయమ్మా! రోడ్డు మీదికొచ్చి చూడు, ఏ పొలం దగ్గర చూసినా ముఠాలే."

"గా స్క్రీన్ ఫోటో తీసి ఒకసారి నాకు పంపుతరా?"

"పంపుతా. కానీ నువ్వు ఫోన్ పెట్టేస్తేనే వెళ్తుంది. నాది పాత ఫోను. మాట్లాడుతుంటే నెట్టు నడవదు."

రుమానా పెట్టేసింది. నిమిషంలో ఫోటో వచ్చింది. రుమానా దాన్ని పెద్దది చేసి చూసింది.

పైన పచ్చ రంగు పట్టీ, కింద ముప్పై ఏడు పేర్లు. ఇప్పటి సైట్‌కి ఉన్నది నీలం పట్టీ. ఆ పచ్చ పట్టీని తీసేసి రెండు వారాలయింది. ఇప్పుడు ప్రపంచంలో ఏ సర్వర్‌లోనూ లేని పేజీ మోస్రా ఫోన్లలో నిక్షేపంగా కూర్చుని ఉంది.

నిజామాబాద్‌లో బోధన్ రోడ్డు మీద ఇషాక్ పుస్తకాల బైండింగ్ దుకాణం ఉంది. దాని పైగదిలో ఆయన కూతురు రుమానా వెబ్‌సైట్లు కడుతుంది. ఏడేళ్లుగా అదే పని. పెళ్లిపందిళ్ల వాళ్లకి కట్టింది, పసుపు వ్యాపారులకి కట్టింది, దంతవైద్యులకి కట్టింది. వాటిలో ఏది ఆగినా ఎవరి పంటా పోదు. చెరకు రైతుల సంఘం సైట్ అలాంటిది కాదు.

చెరకు పండితే చాలదు. కటింగ్ ఆర్డర్ రావాలి. ఏ రోజు ఎవరు కోయాలో సంఘం చెప్పాలి, ఆ రోజు లారీ ఆ పొలానికి రావాలి. నిరుటి దాకా ఇదంతా కాగితం చీటీల మీద నడిచింది. చీటీ చేతికొచ్చాక కూడా ఫోన్ మోగేది. "నీ వంతు మారింది, వచ్చే వారం కోసుకో" అనేవాడు ఎవడో. ఆ ఖాళీలోకి పెద్ద రైతు దూరేవాడు. రెంజల్‌లో రెండెకరాల ఈరవ్వ వంతు అలా ఆరేళ్లు వరసగా చివరికి పోయింది. లారీ వచ్చే నాటికి ఆమె చెరకు కట్టెపుల్లలయ్యేది.

ఈ ఏడు జాబితా సైట్‌లో పెడదామని సంఘం ఒప్పుకుంది. నాటిన తేదీని బట్టి వంతు. ఒకసారి పెట్టాక అధ్యక్షుడు కూడా చెరపలేడు. ఆ లెక్కన అందరికంటే ముందు నాటిన ఈరవ్వది మొదటి రోజు, మొదటి పేరు. రెంజల్ మీటింగ్‌లో ఆమె ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. "బిడ్డా, నా పేరు మీద ఎవడన్న గీత గీస్తే గిది నాకు సెప్తదా?" గీత గీసే వీలే లేదని రుమానా మాట ఇచ్చింది.

అధ్యక్షుడు వెంకట్రావు కూడా ఒక మాట అన్నాడు. "మొదటి రోజు చూస్తానమ్మా. ఒక్క పొలం తప్పుగా తెగిందా, రెండో రోజు నుంచి మళ్లీ చీటీలే."

ఇప్పుడు మోస్రాలో తెగబోతున్నది ఒక్క పొలం కాదు. ముప్పై ఏడు.

తెగితే జరిగేది కూడా ఆమెకి తెలుసు. కోసిన చెరకుకే మొదట లారీ. అది సంఘం పాత నియమం. ఎండలో పడి ఉన్నదాన్ని ఎవరూ వదలరు. ఉన్నవి ఏడు లారీలు. ఏడూ మోస్రాకే మళ్లుతాయి. ఈరవ్వ వంతు ఏడో ఏడు కూడా చివరికే.

* * *

ఏడున్నరకి దిలీప్ మెట్లెక్కి వచ్చాడు. రుమానాతో కలిసి పనిచేస్తాడు. వర్ని దగ్గర స్థిరపడ్డ కోస్తా కుటుంబం పిల్లవాడు. చెయ్యి చురుకు, నోరు ఇంకా చురుకు. ఫోటో చూడగానే ఆ నోరు మూతపడింది.

"ఇది... మోస్రాలో నేను చూపించిన డెమో అక్కా."

"ఎవరి పేర్లు పెట్టినవ్ దాంట్ల?"

"వాళ్లవే."

"తేదీ?"

"మొదటి రోజుది." దిలీప్ గొంతు సన్నబడింది. "ఏబీసీడీలు పెట్టి చూపిస్తే ఆవలిస్తున్నారక్కా. వాళ్ల పేర్లే పెట్టా. మొదటి రోజు మీదే అన్నట్టు చూపించా. ఎంత సంబరపడ్డారో! చప్పట్లు కొట్టారు. రాధాకుమారిగారు అరిసెలు కూడా కట్టిచ్చారు."

"గా అరిసెలు నేను గూడ తిన్న" అంది రుమానా చేదుగా.

ముప్పై ఏడు మందికి ఒకే రోజు ఏడు లారీలు ఎలా సరిపోతాయని ఆ ఊళ్లో ఒక్కరూ అడగలేదు. జాబితాలో తన పేరు కనిపించాక మిగతావి ఎవరు లెక్కపెడతారు?

"తర్వాత తీసేశా కదక్కా. సైట్ మొత్తం, ఫైళ్లు సర్వర్‌కి పంపే కొత్త టూల్‌లోకి మార్చా. రెండు వారాలైంది."

"సర్వర్‌ల తీసేసినవ్. వాళ్ల ఫోన్లల్ల తీసినవా?"

ఫోన్లు చేద్దామన్నాడు దిలీప్. సంఘం రిజిస్టర్‌లో నంబర్లున్నాయి. మొదటి రైతు రెండో రింగుకే ఎత్తాడు. దిలీప్ గబగబా చెప్పాడు. అది డెమో జాబితా అండీ, మీ వంతు ఇవాళ కాదండీ, కోయకండి.

అవతల ఒక నవ్వు.

"బాబూ, ఆ రోజు మైకు పట్టుకుని నువ్వే చెప్పావు. ఫోన్ చేసి వంతు మారిందని ఎవడన్నా నమ్మొద్దు, సైట్లో ఉన్నదే నమ్మండి అని. చెప్పావా లేదా?"

"చెప్పానండీ, కానీ..."

"సైట్లో నా పేరుంది. ఇంక నువ్వెవడివైతే నాకేం?"

ఫోన్ పెట్టేశాడు. రెండో రైతు బూతు తిట్టి పెట్టేశాడు. మూడో ఆయన తీరుబడిగా అడిగాడు, "ఎవరికి అమ్ముకున్నారు మా వంతు?"

నాలుగోది చేయకుండా రుమానా ఫోన్ లాక్కుంది. "బస్. మనం ఎన్ని ఫోన్లు చేస్తే వాళ్లు అంత జల్ది కోస్తరు."

"బండి మీద పోనా?"

"గంటకు మీదే తొవ్వ. నువ్వు చేరేసరికి ముహూర్తం. ఒక్క పొలం ఆపుతవ్. మిగిలిన ముప్పై ఆరు?" ఆమె లాప్‌టాప్ తెరిచింది. "వాళ్లు ఎవరి మాట వినరు, సైట్ మాటే వింటరు. మనమే గట్ల నేర్పినం. అయితే సైట్‌తోనే చెప్పిపియ్యాలె."

గోడ గడియారంలో ఏడూ యాభై.

* * *

బోధన్ చుట్టుపక్కల పొలాల్లో సిగ్నల్ వచ్చేది కాసేపు, పోయేది కాసేపు. అందుకే రైతుల సైట్‌లో రుమానా ఒక ఏర్పాటు చేసింది. మొదటిసారి తెరిచినప్పుడే పేజీ నకలు ఒకటి ఫోన్‌లో దాచి పెట్టే చిన్న కోడ్ ముక్క. సిగ్నల్ లేకపోయినా పేజీ తెరుచుకుంటుంది. దాని అసలు పేరు సర్వీస్ వర్కర్. ఇక్కడ సైట్లు కట్టేవాళ్లు దాన్ని వాచ్‌మన్ అంటారు. ఫోన్ గేటు దగ్గర కూర్చుని, పేజీ అడిగితే ముందు తన దగ్గరున్న నకలు తీసిచ్చే వాచ్‌మన్.

మంచి వాచ్‌మనే. కానీ మొండివాడు. తన యజమాని నుంచి కొత్త ఆజ్ఞ వచ్చే వరకు పాత నకలే ఇస్తాడు. ఆజ్ఞ కోసం అప్పుడప్పుడు సర్వర్‌కి వెళ్లి, తన పేరున్న ఫైల్ మారిందా అని చూసుకుంటాడు. మారితే దిగిపోతాడు. ఆ ఫైలే కనిపించకపోతే? చూసి, తిరిగొచ్చి, యథాప్రకారం అదే పాత పేజీ చేతిలో పెడతాడు.

దిలీప్ టూల్ మార్చినప్పుడు జరిగింది అదే. పాత ఫైల్ పేరు మాయమైంది. మోస్రా వాచ్‌మన్లు రెండు వారాలుగా రోజూ సర్వర్ తలుపు తట్టి, ఎవరూ పలక్కపోతే తిరిగిపోతున్నారు.

ఇది రుమానాకి అర్థం కావడానికి మూడు నిమిషాలు పట్టింది. ఏం చేయాలో మాత్రం తోచలేదు. వాచ్‌మన్‌ని పెట్టడం ఆమెకి వచ్చు. మొరాయించినవాణ్ని గేటు దగ్గర నుంచి లేపడం ఎప్పుడూ చేయలేదు.

కానీ ఎక్కడో చదివింది. ఎక్కడ?

"దుకాణంల!" అంటూ ఫోన్ అందుకుంది.

దుకాణం అంటే నకలు దుకాణం. నాలుగేళ్ల కింద ఆమె పెట్టిన వాట్సాప్ గ్రూపు. నిజామాబాద్, బోధన్, ఆర్మూర్, నవీపేట్ నుంచి అరవై మంది. నెలలో మొదటి ఆదివారం పొద్దున బస్టాండ్ దగ్గరి హోటల్లో కలుస్తారు. మొదటి అరగంట తిట్ల గంట. ఎవరి టూల్‌ని వాళ్లు కసితీరా తిట్టుకోవచ్చు. "నిన్న నడిచింది, ఇయాల నడుస్తలేదు, నేనేం ముట్టలేదు" అనకుండా ఎవరూ టీ తాగరు. తర్వాత ఎవరి కోడ్ ముక్క వాళ్లు పంచుతారు. నియమాలు రెండే. ముక్క పైన నీ పేరు, ఊరు, దానివల్ల నీకు తగిలిన దెబ్బ రాయాలి. వాడుకున్నవాడు కింద "తీసుకున్న" అని రాయాలి.

వెతికింది. ఏడాది కిందటి పోస్ట్ దొరికింది.

"అఖిల, నవీపేట్. పాత వాచ్‌మన్ గేటు ఇడువకుంటే ఇది వాడుండ్రి. తగిలిన దెబ్బ: మా కాలేజీ సైట్‌ల పాత ఫీజు తేదీ వారం దినాలు కదల్లే. ప్రిన్సిపల్ సార్ అందరి ముంగట నన్ను నిలబెట్టిండు. కొత్త వాచ్‌మన్‌ను కొత్త పేరుతోని పంపిన, అదే నా తప్పు..."

అలా పన్నెండు లైన్ల కథ. దాని కింద కోడ్ ఎనిమిది లైన్లు. కానీ ఆ ఎనిమిది లైన్లు ఒక ఫైల్‌గా తగిలించింది. ఏడాది పాతది కదా, ఇప్పుడు డౌన్‌లోడ్ కావడం లేదు.

దాని కింద "తీసుకున్న" ఒక్కటీ లేదు. రుమానా స్వయంగా పెట్టిన జవాబు ఒకటుంది. "కోడ్ ఎనిమిది లైన్లు, కథ పన్నెండు లైన్లు. నవల రాస్తున్నవా అఖిలా?" పక్కన కన్నీళ్లొచ్చేలా నవ్వే బొమ్మ. ఆ బొమ్మకి తోడుగా ఇంకో పదహారు నవ్వులు.

రుమానా ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. తర్వాత నంబరు నొక్కింది.

"చెప్పక్కా" అంది అఖిల. కాలేజీ ల్యాబ్‌కి తయారవుతున్నట్టుంది, వెనక గిన్నెల చప్పుడు.

"అఖిలా, గా పాత వాచ్‌మన్ ముక్క ఉన్నదా నీ దగ్గర?"

"ఏది? మీరందరు నవ్విన్రు సూడు, గదా?"

"గదే. నవ్విన. తప్పైంది. ఇప్పుడు ఏడ్వకుంట ఆపుకుంటున్న. ముప్పై ఏడు పొలాలున్నయి, గంట టైమున్నది. జల్ది పంపు."

గిన్నెల చప్పుడు ఆగిపోయింది. "పంపుతున్న. అక్కా, ఒక్క మాట యాదికుంచుకో. కొత్తోన్ని పాత పేరుతోనే పంపాలె. ఒక్క అక్షరం గూడ మార్చొద్దు. పాతోడు తన పేరున్న చిట్టీనే సదువుతడు."

కోడ్ వచ్చింది. కొత్త వాచ్‌మన్ ఫోన్‌లో అడుగు పెట్టగానే దాచిన పాత నకళ్లన్నీ చెరిపేస్తాడు. తెరిచి ఉన్న పేజీని తానే తిప్పుతాడు. రుమానా ఇంకో లైను కలిపింది. పని కాగానే సర్వర్‌కి వచ్చి ఒక గీత గీసి పోవాలి. ఎన్ని ఫోన్లు మారాయో తెరమీద అంకె కనిపిస్తుంది.

ఎనిమిదీ ఇరవై. అప్‌లోడ్ నొక్కింది. అంకె సున్నా.

ఎనిమిదీ ఇరవై అయిదు. సున్నా.

ఎనిమిదీ ముప్పై. సున్నా.

* * *

"పేరు సూడు" అంది రుమానా సర్వర్ తెరిచి. ఆమె పంపిన ఫైల్ అక్కడ ఉంది. కానీ పేరు చివర ఏవో అయిదు అక్షరాలూ అంకెలూ.

"ఈ తోక ఎవరు తగిలించిండ్రు?"

దిలీప్ జుట్టు పీక్కున్నాడు. "టూలే అక్కా. ప్రతి ఫైల్‌కీ తగిలిస్తుంది, మార్పు తెలియడానికి. అందుకేగా అసలు పాత పేరు పోయింది! చేత్తో మార్చా, మళ్లీ పంపితే మళ్లీ తగిలించింది. ఆపడానికి ఏదో మార్గం ఉంటుంది, ఆ పుస్తకం తెరిస్తే రెండొందల పేజీలు..."

"ఎంత వేగమో అని ముక్కు మీద వేలేసుకునేటట్టు చెప్పినవ్ పోయిన నెల."

"వేగమే అక్కా. తప్పుడు పేరుతో చాలా వేగంగా పంపిస్తోంది."

ఇంకో సమయంలో అయితే ఇద్దరూ నవ్వేవాళ్లు. రుమానా నకలు దుకాణంలో రెండే లైన్లు రాసింది. టూల్ పేరు రాసి, "ఫైల్ పేరుకు తోక తగిలిస్తుంది. తోక లేకుంట ఒక్క ఫైల్ పంపాలె. అరగంటల ముప్పై ఏడు పొలాలు పోతయ్."

తిట్ల గంటలో మెతుకు మింగుడు పడనివ్వని గ్రూపు ఆ పొద్దున ఒక్క హేళన కూడా చేయలేదు. నలభై సెకన్లలో ఫోన్ మోగింది. బోధన్ నుంచి హస్సాన్. బట్టల షాపుల సైట్లు కడతాడు. ఆ టూల్‌ని గ్రూపులో అందరికంటే ఎక్కువ తిట్టేది అతనే.

"ఆపా, గా టూల్ నాకు ఆర్నెల్లు నరకం సూపిచ్చింది. సునో. ప్రాజెక్ట్‌ల పబ్లిక్ అని ఒక ఫోల్డర్ ఉంటది. ఉన్నదా?"

"ఉన్నది. ఖాళీగున్నది."

"ఫైల్‌ను దాంట్ల ఏసెయ్. దాంట్ల ఉన్నదాన్ని గది ముట్టదు. ఎట్ల పెట్టినవో గట్లనే పోతది. ఖతం."

"గంతేనా?"

"గంతే. గా ముక్క తెలుసుడుకు నాకు రెండు పండుగలు పోయినయ్. దుఆ చెయ్యి నాకు."

ఎనిమిదీ నలభై ఒకటి. ఫైల్‌ని ఆ ఫోల్డర్‌లో వేసి అప్‌లోడ్ నొక్కింది. ఈసారి పేరు ముందు చూసింది. తోక లేదు. అక్షరం అక్షరం పాత పేరే.

ఇద్దరూ తెరకేసి చూస్తూ కూర్చున్నారు. కింద దుకాణంలో ఇషాక్ కాగితాలు కోస్తున్న చప్పుడు తప్ప గదిలో ఏ చప్పుడూ లేదు.

ఒకటి.

దిలీప్ కుర్చీలోంచి లేచాడు.

మూడు. నాలుగు. తొమ్మిది.

"ఎలా వస్తున్నాయక్కా? మనం ఎవరికీ తెరవమని చెప్పలేదుగా?"

"ముకద్దం" అంది రుమానా. తెలియకుండానే ఆమె పెదాల మీదికి నవ్వొచ్చింది.

మహారాష్ట్ర నుంచి దిగే కోత ముఠాలకి పెద్ద ముకద్దం. అతనికి రైతు మాట పట్టదు. ఆర్డర్ కళ్లతో చూశాకే కత్తి ఎత్తిస్తాడు. చీటీల రోజుల్లో చీటీ చూసేవాడు, ఇప్పుడు ఫోన్ చూస్తున్నాడు. ముహూర్తానికి ముందు ప్రతి గట్టు మీదా ఒక రైతు సైట్ తెరిచి ముకద్దం ముందు పెడుతున్నాడు. ఆ పెట్టిన ఫోన్‌లో, ఇద్దరి కళ్ల ముందే, పేజీ తనంతట తాను తిరుగుతోంది. పచ్చ పట్టీ పోయి నీలం పట్టీ వస్తోంది.

పదిహేడు. ఇరవై నాలుగు. ముప్పై ఒకటి.

ఎనిమిదీ యాభై ఎనిమిదికి ముప్పై ఆరు.

అక్కడ ఆగిపోయింది.

* * *

సరిగ్గా అప్పుడే రుమానా ఫోన్ మోగింది. రాధాకుమారి.

"ఏమ్మాయ్, ఏంటీ గొడవ? పక్క పొలంవాళ్లు ముఠాని కూర్చోబెట్టేశారు. సైటు మారిందంటున్నారు. నా ఫోన్లో మారలేదే! నా పేరు శుభ్రంగా ఉంది."

ముప్పై ఏడోది ఇదే.

"రాధమ్మా, మీ వంతు పందొమ్మిదో రోజు. గిది మేం సూపిచ్చిన డెమో..."

"చూడమ్మా. నువ్వు మంచిదానివే. కానీ ఫోన్లో చెప్పే మాట నేను వినను. పోయినేడు ఇలాగే ఒకడు చేసి చెప్పాడు. విన్నాను. నాలుగెకరాలు ఎండిపోయింది. ఈసారి నా పేరు నా కళ్లకి కనిపిస్తోంది. పక్కవాళ్లు భయపడితే భయపడనీ, నేను కొడతా కొబ్బరికాయ."

"రెండు నిమిషాలు ఆగండి రాధమ్మా. మాట్లాడుకుందాం. కోయద్దు."

"మాట్లాడు, వింటున్నా. ముహూర్తం దాకా వింటా."

రుమానా మాట్లాడింది. సిగ్నల్ ఉందా అని అడిగింది. నిండుగా ఉందంది రాధాకుమారి. పేజీ మూసి తెరవమంది. తెరిచింది, అదే పచ్చ పట్టీ. మళ్లీ తెరవమంది. మళ్లీ పచ్చే. తొమ్మిదీ రెండు. తొమ్మిదీ మూడు. మాట తెగితే కొబ్బరికాయ పగులుతుంది. ఆ భయంతో రుమానా ఫోన్‌ని చెవికి అదిమిపెట్టుకుంది. తాడు చివర పట్టుకున్నట్టు.

తొమ్మిదీ నాలుగుకి ఆమెకి పొద్దుటి మాట గుర్తొచ్చింది.

నాది పాత ఫోను. మాట్లాడుతుంటే నెట్టు నడవదు.

కోత ఆపుతున్నాననుకుంటూ పట్టుకున్న తాడే వాచ్‌మన్ గేటుకి అడ్డంగా కట్టి ఉంది. ఈ పిలుపు నడిచినంతసేపూ ఆ ఫోన్‌లోకి కొత్తవాడు రాడు. పిలుపు తెంపితే, ఆపే దారి ఇంకొకటి లేదు.

దిలీప్ ఆమె మొహం చూసి కంగారుగా తల అడ్డంగా ఊపాడు. పెట్టేయొద్దన్నట్టు.

"రాధమ్మా" అంది రుమానా నెమ్మదిగా. "నా మాట నమ్మొద్దు."

"ఏంటమ్మా?"

"నా మాట నమ్మొద్దంటున్న. మీరు చెప్పింది సహీ. నేను ఫోన్ పెట్టేస్తున్న. మళ్ల చెయ్యను. మీరు ఒక్కసారి సైట్ తెరిచి ముకద్దంకు సూపియ్యుండ్రి. గప్పుడు మీ పేరుంటే కొట్టండి కొబ్బరికాయ. నేనే దండం పెడత."

రుమానా ఫోన్ పెట్టేసింది.

తొమ్మిదీ అయిదు. ముప్పై ఆరు.

తొమ్మిదీ ఆరు. ముప్పై ఆరు.

దిలీప్ గోళ్లు కొరుకుతున్నాడు. "ఇంకోసారి చెయ్యక్కా."

"చేస్తే నెట్ ఆగిపోతది."

తొమ్మిదీ ఎనిమిది. ముప్పై ఆరు. రుమానా చెయ్యి తనంతట తానే ఫోన్ మీదికి పోయింది. ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుని ఒళ్లో పెట్టుకుంది.

తొమ్మిదీ తొమ్మిది.

ముప్పై ఏడు.

దిలీప్ కేకకి కింద బైండింగ్ దుకాణంలో కత్తెర జారి పడ్డ చప్పుడైంది. "క్యా హువా బేటీ?" అని ఇషాక్ మెట్ల మీంచి అరిచాడు. రుమానా అప్పటికే ఏడుస్తూ నవ్వుతోంది.

ఫోన్ మోగింది. ఈసారి రాధాకుమారి గొంతులో గదమాయింపు లేదు.

"అమ్మాయ్... అదే తిరిగిందమ్మా. ముకద్దం చేతిలోనే ఉంది ఫోను. చూస్తుండగా నీలంగా అయిపోయింది. నా పేరు పోయింది. పందొమ్మిదో రోజు అని వచ్చింది." వెనక ఎవరో పొలం అంతా మారుమోగేలా అరుస్తున్నాడు. "థాంబా! థాంబా!" ఎత్తిన కత్తులు దించండని ముఠాకి ముకద్దం కేక.

"రాధమ్మా, పందొమ్మిదో రోజు ఎవరూ మార్చలేరు. నేను గూడ మార్చలేను."

"అది ఇప్పుడు అర్థమైందిలే." ఒక నిట్టూర్పు. ఆ వెంటనే పాత గొంతు తిరిగొచ్చింది. "ఆ దిలీప్ పక్కనే ఉన్నాడా? నా అరిసెలు నాకు తిరిగిచ్చేయమను!"

* * *

పదిన్నరకి వెంకట్రావు నుంచి ఫోటో వచ్చింది. రెంజల్‌లో ఈరవ్వ రెండెకరాల గట్టు మీద మొదటి లారీ. ముందు కొబ్బరి చిప్పలు, పసుపు, కుంకుమ. ఈరవ్వ ఒక చెరకు గడని కర్రలా పట్టుకుని నిలబడి ఉంది. నవ్వడం లేదు. సాక్షిలా కెమెరాకేసి సూటిగా చూస్తోంది. ఫోటో కింద వెంకట్రావు రెండు మాటలు రాశాడు. "మోస్రా సంగతి విన్నాను. చీటీ పుస్తకాలు పాత సామాన్లవాడికి వేసేశాను."

రుమానా ఆ ఫోటోని చాలాసేపు చూసింది. తర్వాత దిలీప్‌ని కూర్చోబెట్టి డెమోలకి ఒక నియమం రాయించింది. ఇక నుంచి పేర్లు పెట్టాల్సి వస్తే రుమానా, దిలీప్ అనే రెండు పేర్లే. ఊరు నిజామాబాద్. చెరకు నాటిన స్థలం, బైండింగ్ దుకాణం మేడ.

ఆదివారం తిట్ల గంటకి ఎప్పుడూ ఇరవై మంది వచ్చే హోటల్‌కి నలభై ఒక్కరు వచ్చారు. హస్సాన్ ఆ టూల్‌ని నిలబడి పావుగంట తిట్టాడు. చివర, "కానీ పబ్లిక్ ఫోల్డర్ ఇచ్చిన మహానుభావుడు సల్లగుండాలె" అని ముగించాడు. అఖిల మూలన కూర్చుని టీ చల్లార్చుకుంటోంది. నవీపేట్ నుంచి మొదటి బస్సుకి వచ్చింది.

రుమానా ఆమె ఎదురుగా కూర్చుని ఫోన్ తీసింది. ఏడాది కిందటి పోస్ట్ కింద, ఆ పదిహేడు నవ్వుల కింద, టైపు చేయడం మొదలుపెట్టింది. పేరు, ఊరు రాసింది. "తీసుకున్న" అని రాసింది. తగిలిన దెబ్బ దగ్గరికి వచ్చేసరికి వేళ్లు ఆగలేదు. డెమో పేర్లు, దిలీప్ తెచ్చిన అరిసెలు, తోక, రెండు పండుగలు, పాత ఫోను, తెంపాల్సిన పిలుపు, ముప్పై ఏడో అంకె. అన్నీ రాసింది. ఇంకెవరికైనా ఎప్పుడైనా అవసరం పడవచ్చు కదా.

పంపింది. బల్లకి అవతల అఖిల ఫోన్ మోగింది. ఆమె తీసి చదివింది. పైకి జరుపుతూ చదివింది. ఇంకా జరిపింది. లెక్కపెట్టినట్టు పెదాలు కదిలాయి.

ఆ చుట్టూ అప్పటికే ఒకరి తర్వాత ఒకరి ఫోన్లు మోగడం మొదలైంది. తీసుకున్న. తీసుకున్న. తీసుకున్న.

అఖిల తలెత్తి, నవ్వు ఆపుకుంటూ అంది.

"ఇరవై ఆరు లైన్లు. నవల మంచిగున్నదక్కా."